హై టీ బోర్డు వెనక అసలు ఇంగ్లీషు టీ

హైదరాబాదులోనో విశాఖలోనో పెద్ద హోటలుకు సాయంత్రం నాలుగింటికి వెళ్తే "హై టీ" అన్న బోర్డు కనిపిస్తుంది. మూడంతస్తుల స్టాండు తెచ్చి పెడతారు. కింది పళ్ళెంలో అంచులు కోసేసిన కీరా సాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు అనే చిన్న గుండ్రటి రొట్టెలు, పైన బొటనవేలంత కేకులు. సెమినార్ల ఆహ్వానపత్రాల మీద కూడా "సభానంతరం హై టీ" అని అచ్చు వేస్తున్నారు. "హై" అన్న మాటలో ఏదో హోదా ఉందన్న నమ్మకమే దీనికి మూలం. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. పొద్దంతా మిల్లులోనో గనిలోనో ఒళ్ళు వంచి ఆరింటికి ఇల్లు చేరిన మనిషి కడుపు నిండా తినే పూట తిండి హై టీ. చల్లారిన మాంసం, పిండిపొరలో కూరి కాల్చిన "పై", రొట్టె, వెన్న, జున్ను, వాటితో పాటు టీపాట్ నిండా చిక్కటి టీ. ఎత్తుగా ఉండే భోజనాల బల్ల మీద తింటారు కనుక ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఉత్తర ఇంగ్లండులో ఇప్పటికీ "ఈరోజు టీకి ఏముంది?" అని అడిగితే రాత్రికి ఏం వండారని అర్థం.

స్టాండు మీద వచ్చేదాని పేరు ఆఫ్టర్‌నూన్ టీ. 1840 ప్రాంతంలో సంపన్నుల ఇళ్ళలో రాత్రి భోజనం వేళ ఎనిమిది గంటల దాకా ఆలస్యమైంది. మధ్యాహ్నం తినేది స్వల్పం. ఆ మధ్య వచ్చే నీరసానికి బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా తన గదికి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం, తర్వాత స్నేహితురాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టిందని చెబుతారు. అది ఉన్నవాళ్ళ అలవాటుగా పాకింది. ఇవాళ సామాన్య బ్రిటిష్ కుటుంబం ఏ పుట్టినరోజుకో తప్ప ఆ స్టాండు ముందు కూర్చోదు.

పేరు తారుమారైతే ఏం కొంప మునిగిందని అడగవచ్చు. మునిగింది అనే నేనంటాను. ఆ బోర్డు చూసినవాళ్ళకు ఇంగ్లీషు టీ అంటే చిటికెన వేలు పైకెత్తి తాగే మర్యాదల తంతు అన్న అభిప్రాయం స్థిరపడుతుంది. లండనులో మొదటిసారి తాగినవాళ్ళకేమో అది "పాలు చుక్కేసిన రంగు నీళ్ళు" అనిపిస్తుంది. రెండూ పొరపాటే. ఆ దేశపు టీ అలవాట్లలో మర్యాద కంటే అవసరం వంతు చాలా ఎక్కువ. పన్ను, ఆకు రకం, నీళ్ళలోని సున్నం, పని గంటలు, గోడలోని కరెంటు: ప్రతి అలవాటు వెనకా వీటిలో ఏదో ఒక కారణం ఉంది. అది తెలిస్తే టీ కూడా బాగా కుదురుతుంది.

మొదట పన్ను. 1662లో రెండో ఛార్లెస్‌ను పెళ్ళాడి పోర్చుగల్ నుంచి వచ్చిన కేథరిన్ రాణి వల్ల రాజుగారి కొలువులో టీ మోజు పెరిగింది. సామాన్యులకు మాత్రం చాలాకాలం అందలేదు. పన్ను వందకు 119 దాకా పోయింది. అంత పన్ను ఉన్నచోట దొంగసరుకు రాకుండా ఉంటుందా? సముద్రతీరం పొడవునా దొంగ రవాణా, ఊళ్ళలో కల్తీ. యాష్ అనే చెట్టు ఆకులు ఎండబెట్టి నలిపి కలిపేవారు. వాడేసిన టీ ఆకును మళ్ళీ ఆరబెట్టి రంగు పూసి అమ్మేవారు. 1784లో కమ్యుటేషన్ చట్టం పన్నును 12.5 శాతానికి దించగానే దొంగ రవాణాలో లాభం పోయింది, టీ కూలివాడి ఇంటికి చేరింది. నా దృష్టిలో బ్రిటిష్ టీ చరిత్రలో అసలైన తేదీ ఇదే, డచెస్ గారి సాయంత్రం కాదు.

తర్వాతిది ఆకు. అప్పటిదాకా టీ అంటే చైనాదే. అస్సాం ఆకు 1839లో లండను వేలంలోకి వచ్చింది. సిలోనులో 1867లో జేమ్స్ టేలర్ లూలకొండెర తోటలో టీ వేశాడు. అక్కడి కాఫీ తోటలు తెగులుకు నాశనమయ్యాక ద్వీపమంతా టీ పరుచుకుంది. చైనా ఆకు సున్నితం, పాలు లేకున్నా నడుస్తుంది. అస్సాం ఆకు గాఢం, వగరు, ముదురు ఎరుపు. పాలు పోసే అలవాటు అంతకుముందూ ఉన్నా, అది తప్పనిసరి అయింది ఈ ఆకుతోనే. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి వగరు పదార్థాలను పట్టేసుకుంటుంది, నాలుక మీద మెత్తదనం వస్తుంది.

ఆ ఆకును కోసిన చేతుల మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అస్సాం తోటలకు ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచే కాక, అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్ళను కూడా తరలించారు. ఒప్పందం మీద వేలిముద్ర పడ్డాక పని వదిలి వెళ్ళడం నేరం. పారిపోయిన కూలీని వారెంటు లేకుండా పట్టుకునే అధికారం తోట యజమానులకు చట్టమే ఇచ్చింది. తెలుగు మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఆ తోటల్లో ఉన్నాయి. లండను కప్పులోని ఎర్రరంగులో వాళ్ళ చెమట ఉంది.

ఇక కప్పులోకి వద్దాం. 1930 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెక్‌కెర్చర్ ఒక యంత్రం తయారుచేశాడు. పళ్ళున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ ఆకును నలిపి, చించి, ఉండలు చేస్తాయి. సి.టి.సి. (క్రష్, టేర్, కర్ల్) అంటే అదే. మనం రోజూ వాడే గుళికల టీ పొడి అదే, వాళ్ళ టీబ్యాగులో ఉండేదీ అదే. 1953లో టెట్లీ కంపెనీ టీబ్యాగును బ్రిటన్‌కు తెచ్చింది. చిన్న గుళిక కనుక సారం త్వరగా దిగుతుంది, బ్యాగుకు సరిగ్గా సరిపోయింది. ఇవాళ అక్కడ తాగేదాంట్లో అత్యధికం బ్యాగు టీయే, ఆకు ఎక్కువగా కెన్యాది. 80 బ్యాగుల పెట్టె 250 గ్రాములు తూగుతుంది, అంటే బ్యాగుకు 3.1 గ్రాములు. మన లెక్కలో తలకొట్టిన టీ చెంచాడు.

మగ్గులో టీ చేయడం వినడానికి చాలా తేలిక. బ్యాగు వేసి, 250 మిల్లీలీటర్ల సలసల మరుగుతున్న నీళ్ళు పోసి, నాలుగు నిమిషాలు ఆగి, బ్యాగు తీసి, 25 నుంచి 30 మిల్లీలీటర్ల చల్లటి పాలు పోయాలి. చెడేది ఎక్కడంటే ఆ నాలుగు నిమిషాల దగ్గరే. తొలి నిమిషంలోనే రంగు వచ్చేస్తుంది కనుక అయిపోయిందనుకుని బ్యాగు తీసేస్తారు. కానీ టీకి చిక్కదనం ఇచ్చే పదార్థాలు నెమ్మదిగా దిగుతాయి. అరనిమిషపు టీలో పాలు పోస్తే అది నిజంగానే రంగు నీళ్ళు. మనవాళ్ళు తిట్టే టీ చాలావరకు ఇదే. తప్పు పద్ధతిది కాదు, తొందరది. ఆరేడు నిమిషాలు దాటితే మాత్రం వగరు మిగతా రుచిని మింగేస్తుంది, పాలు కూడా దాన్ని ఆపలేవు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. నల్ల టీకి నీళ్ళు మరుగుమీదే పడాలి. చల్లటి పింగాణీ మగ్గు 350 గ్రాములు ఉంటుంది. అందులో 97 డిగ్రీల నీళ్ళు పావు లీటరు పోస్తే, మగ్గు తన వంతు వేడి లాక్కుని, నీళ్ళను 80 డిగ్రీల దరిదాపులకు దించేస్తుంది. దానికి తోడు పాలు ముందే పోసి, అందులో బ్యాగు వేసి, పైన నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఇంకో ఆరేడు డిగ్రీలు పోతాయి. పైగా కేసీన్ మొదటి క్షణం నుంచే అడ్డం పడుతుంది. మగ్గులో బ్యాగు ఉండగా పాలు పోయడం, ఎవరు ఎన్ని చెప్పినా, తప్పే.

టీపాట్‌కు కూడా ఇదే లెక్క. 600 గ్రాముల పాట్ చల్లగా ఉంటే 800 మిల్లీలీటర్ల నీళ్ళలో పది డిగ్రీలు తగ్గిపోతాయి. ముందు కొంచెం వేడినీళ్ళు పోసి తిప్పి పారబోయమనే పాత ఆచారం అందుకే. నీళ్ళను రెండోసారి మరిగించకూడదనే ఆచారానికి మాత్రం చెప్పే కారణం నిలబడదు. ఆక్సిజన్ పోతుందంటారు. నీళ్ళు ఒకసారి మరిగినా ఆక్సిజన్ పోతుంది కదా! నిన్నటి నీళ్ళు పారబోసి తాజావి పట్టడం మంచి అలవాటు, అంతవరకే. "మనిషికొక చెంచా, పాట్‌కొక చెంచా" అన్న సూత్రాన్నీ కళ్ళు మూసుకుని పాటించనక్కర్లేదు. అది విచ్చుకునే పెద్ద ఆకుల కాలం నాటిది. చెంచాలో ఆకు తక్కువ పడుతుంది, గుళికలు ఎక్కువ పడతాయి. సి.టి.సి. అయితే ఆ చివరి చెంచా మానేయండి. వంద మిల్లీలీటర్లకు 1.2 గ్రాములు చాలు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 1980లో టీ కాచే పద్ధతికి ప్రమాణం ప్రకటించింది, అదే అంతర్జాతీయ ప్రమాణం 3103 కూడా. వంద మిల్లీలీటర్లకు 2 గ్రాములు, ఆరు నిమిషాలు. "ఇదే పర్‌ఫెక్ట్ టీ" అని దాన్ని తెగ పంచుతుంటారు. అది రుచి చూసే నిపుణుల కోసం రాసింది. పది తోటల టీలు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే అన్నీ ఒకేలా కాచాలి, లోపాలు బయటపడేంత గాఢంగా కాచాలి. ఇంట్లో అలా చేసుకుంటే నాలుక కొంకర్లు పోతుంది.

పాట్‌కు కప్పే ఉన్ని తొడుగును టీ కోజీ అంటారు. అది వేడి నిలుపుతుంది నిజమే. ఆకు లోపలే వదిలేసి అరగంట కోజీ కప్పితే మిగిలేది కషాయం. అయిదు నిమిషాలయ్యాక వెచ్చబెట్టిన ఇంకో పాట్‌లోకి వడగట్టి, దానికి కోజీ కప్పాలి. వడగట్టు జాలీ అందుకే టీ సామానులో భాగం.

ఇప్పుడు పెద్ద తగువు: పాలు ముందా, వెనకా? పాట్‌లో కాచిన టీని కప్పులోకి పోసేటప్పుడు మాత్రమే ఈ ప్రశ్నకు అర్థం ఉంది. 2003లో అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ పాలు ముందే పోయమంది. వేడి టీలో చుక్కచుక్కగా పడే పాలు 75 డిగ్రీలు దాటిపోయి, వాటిలోని మాంసకృత్తులు రూపు మారి, కాచిన పాల వాసన వస్తుంది. ముందే పోసిన పాల మీద టీ పడితే పాలు నిదానంగా వేడెక్కుతాయి. ఈ వివరణ చదివినప్పుడు మన టీకీ వాళ్ళ టీకీ ఉన్న అసలు తేడా తెలిసిపోతుంది. వాళ్ళు తప్పించుకోవాలని చూసే ఆ కాచిన పాల రుచే మనకు కావలసింది. పాలు ముందు పోసేవాళ్ళను తక్కువ తరగతి వాళ్ళుగా చూసే చిన్నచూపు అక్కడ ఒకప్పుడు గట్టిగా ఉండేది. రసాయనశాస్త్రం చివరికి ఆ చిన్నచూపుకు గురైనవాళ్ళ పక్షమే నిలిచింది, నాకది సంతోషం.

నీళ్ళ విషయం చాలామందికి తట్టదు. లండను, ఆగ్నేయ ఇంగ్లండు సుద్దరాయి నేల మీద ఉన్నాయి. అక్కడి కుళాయి నీళ్ళు మన బోరు నీళ్ళ లాంటివే, సున్నం ఎక్కువ. ఆ నీళ్ళతో టీ కాస్తే పైన సన్నటి గోధుమరంగు తెట్టు కడుతుంది, కప్పు అంచుకు మరకలు అంటుతాయి. మగ్గు కడగలేదని మనిషిని తప్పుపడతారు. నీళ్ళలోని కాల్షియం, టీలోని పదార్థాలు గాలి తగిలి కలిసి కట్టిన పొర అది. నిమ్మరసం చుక్క వేస్తే కట్టదు, కానీ పాలు పోసే టీలో నిమ్మ పిండలేం. టీ కాస్త చిక్కగా కాచినా తెట్టు తగ్గుతుంది. స్కాట్లాండు నీళ్ళలో సున్నం తక్కువ, అక్కడ అదే బ్యాగు టీ ఇంకా నిగారింపుగా వస్తుంది. యార్క్‌షైర్ టీ వాళ్ళు సున్నం నీళ్ళ ప్రాంతాలకు విడిగా ఒక రకం అమ్మేది అందుకే. లండనులో చదువుకుంటున్న మన పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న టీ పొడి "ఇక్కడ కుదరడం లేదు" అంటే ముందు అనుమానించవలసింది నీళ్ళను. వడపోత జగ్గు ఒకటి కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది. కెటిల్ అడుగున పేరుకున్న సున్నానికి వెనిగరో నిమ్మ ఉప్పో కలిపిన నీళ్ళు మరిగించి పారబోయాలి.

ఇక కరెంటు. అక్కడి గోడ సాకెట్‌లో 3 కిలోవాట్ల కెటిల్ నడుస్తుంది, లీటరు నీళ్ళు రెండు నిమిషాల్లో మరుగుతాయి. అందుకే "కెటిల్ పెట్టనా?" అన్న మాట అక్కడ అంత తేలిగ్గా వస్తుంది. అందరూ ఒక్కసారే పెడితే ఏమవుతుందో 1990 జూలై 4న తేలింది. ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో ఇంగ్లండు పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీలలో ఓడిన వెంటనే విద్యుత్ వాడకం 2800 మెగావాట్లు ఎగిసింది. మన సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు! ఇలాంటి పోటును తట్టుకోవడానికి వేల్స్‌లోని డినార్విగ్‌లో కొండమీది జలాశయం నీళ్ళు వదిలి సెకన్లలో కరెంటు తీసే కేంద్రం ఉంది.

యుద్ధకాలంలో టీని ఎంత అవసరంగా చూశారో రేషను లెక్కే చెబుతుంది. 1940 జూలై నుంచి మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు, రోజుకు మూడు కప్పులు కూడా కష్టమే. ఆ రేషను 1952 అక్టోబరు దాకా ఎత్తలేదు. 1945 నాటి సెంచూరియన్ నుంచి బ్రిటిష్ ట్యాంకుల్లో నీళ్ళు మరిగించే పాత్రను లోపలే అమర్చారు, టీ కోసం సైనికుడు బయటికి దిగి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా.

ఆఫీసుల్లో ఆ అవసరమే మర్యాదగా మారింది. టీ పెట్టుకోవడానికి లేచినవాడు చుట్టూ ఉన్నవాళ్ళందరినీ అడగాలి. దాన్ని టీ రౌండ్ అంటారు. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు మొహమాటంతో తమ మగ్గు ఒక్కటే నింపుకుని వచ్చి కూర్చుంటారు, అది అందరి కంటా పడుతుంది. ఎవరికి పాలెన్ని, చక్కెరెంత అన్నది గుర్తుంచుకోవడం అక్కడ పెద్ద మన్ననే. "బిల్డర్స్" అంటే ముదురుగా కాచి, పాలు పోసి, రెండు చెంచాల చక్కెర వేసింది, తాపీపని వాళ్ళ టీ. ఎర్ల్ గ్రే అడిగితే పాలు కావాలో వద్దో కనుక్కోండి, అందులో బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనె పరిమళం ఉంటుంది. స్కోన్ మీద ముందు మీగడా, ముందు జామా అన్న డెవన్, కార్న్‌వాల్ల పోరు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. డెవన్‌లో మీగడ ముందు, కార్న్‌వాల్‌లో జాము ముందు.

ఇంత సమర్థించాను కనుక రెండో వైపు కూడా చెప్పాలి. 1903లో టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో తోటల యజమానులు మన దేశంలో టీ ప్రచారం మొదలుపెట్టారు. వెచ్చబెట్టిన పాట్, మరిగిన నీళ్ళు, అయిదు నిమిషాలు అని వాళ్ళ పద్ధతే నేర్పారు. మనవాళ్ళు పాలు, చక్కెర, అల్లం, ఏలకులు దట్టించి ఆకు తగ్గించేస్తున్నారని ఆ ప్రచారకులు విసుక్కున్నారు. వాళ్ళకు మన టీ అర్థం కాలేదు. పాలలో ఉడికినప్పుడు వగరును పాలు పట్టేస్తాయి కనుకే సి.టి.సి.ని అంతసేపు మరిగించినా చేదెక్కదు. వాళ్ళ నాలుగు నిమిషాలు నీళ్ళకు సరైనవి, మన పొంగులు పాలకు సరైనవి. హైదరాబాదు ఇరానీ చాయ్ ఈ రెంటి మధ్య నిలబడుతుంది. మూత బిగించిన పాత్రలో డికాషన్ వేరే, చిక్కబెట్టిన పాలు వేరే, కలిసేది కప్పులోనే. అమరికలో అది ఇంగ్లీషు టీకి దగ్గర, రుచిలో మనది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఉన్న ప్యాకెట్‌తోనే చేసి చూడండి. ఆ ప్యాకెట్ మీది పేరు కూడా అక్కడిదే కావచ్చు: బ్రూక్ బాండ్ 1869లో మాంచెస్టర్‌లో ఆర్థర్ బ్రూక్ పెట్టిన కొట్టు, అందులో బాండ్ అనే భాగస్వామే లేడు. టెట్లీని 2000లో మన టాటా టీ కొనేసింది. రెండు కప్పులకు, మూత ఉన్న పలుచటి స్టీలు గిన్నెను వేడినీళ్ళతో కడిగి, తలకొట్టిన రెండు చెంచాల పొడి వేసి, అర లీటరు మరుగు నీళ్ళు పోసి, మూత పెట్టి, మంట మీద పెట్టకుండా నాలుగు నిమిషాలు ఉంచండి. డస్ట్ రకమైతే మూడు నిమిషాలు చాలు, జాలీ మీద పలుచటి గుడ్డ వేసి వడగట్టాలి. కప్పుకు రెండు టేబుల్ స్పూన్ల పాలు, కాచి చల్లార్చి మీగడ తీసినవైనా సరే, అడుగున పోసి పైన టీ పోయండి. రంగు కొత్త ఇటుక రంగులో ఉండాలి. బూడిదరంగు తిరిగితే పాలు ఎక్కువయ్యాయి, లేదా నీళ్ళు చల్లారాయి. మిగిలిన పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోసి రెండో కప్పు తీయాలని చూడకండి. గుళికలు మొదటిసారే సారమంతా ఇచ్చేస్తాయి, రెండోసారికి కొత్త పొడి వేసుకోవాలి.